కాటా సంతోషం గారూ, డేవిడ్‌సన్ ట్రైలరూ

ఎదుటి మనిషి ఎంత బరువున్నాడో తెలుసుకోకపోతే సంతోషం గారికి పూట గడవదు. కెనడాలోని రెజైనా తెలుగు ఫెలోషిప్‌లో ఆదివారం అందరూ ఒకరినొకరు "వందనాలు బ్రదర్, బాగున్నారా?" అని పలకరించుకుంటారు. ఆయన మాత్రం "వందనాలు బ్రదర్, ఎంతున్నారు?" అంటారు. జవాబు కోసం ఆగరు కూడా. బాత్రూముల్లో పెట్టుకునే తెల్లటి ఎలక్ట్రానిక్ కాటా ఒకటి ఆయన కారు డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తెచ్చి హాలు గుమ్మం దగ్గర పెట్టి, "ఎలాగూ బూట్లు విప్పారు కదండీ, ఒక్కసారి ఎక్కి దిగండి, మీ సొమ్మేం పోయింది" అంటారు. పాస్టరు గారైనా సరే, కాటా ఎక్కాకే ప్రసంగానికి ఎక్కాలి.

ఆయన తప్పేం లేదు, చేసిన ఉద్యోగం అలాంటిది. గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బళ్లు తూచే కాటా గుమస్తాగా పదిహేనేళ్లు చేశారు. కెనడా వచ్చాక రెజైనా శివార్లలోని ధాన్యం టెర్మినల్‌లో గోధుమ లారీలు తూచే కాటా దగ్గర మరో పదిహేనేళ్లు చేశారు. "మనిషి అబద్ధం ఆడతాడండీ, కాటా ఆడదు. ముప్పై ఏళ్లలో నా కాటా ఒక్కనాడూ తప్పు చెప్పలేదు" అని ఆయన ఎంత గర్వంగా అంటారంటే, కాటాను కని పెంచింది ఆయనేనేమో అనిపిస్తుంది.

ఊళ్లో ఎవరు ఇండియా వెళ్తున్నా ముందు ఆయనకు ఫోను వస్తుంది. వచ్చి సూట్‌కేసును రెండు వేళ్లతో లేపి చూస్తారు. "ఇరవై నాలుగుంది. కిలో ఎక్కువ. ఆ చాక్లెట్లు తీసెయ్యండి." "అయ్యో, అవి మా ఆడపడుచు పిల్లలకండీ!" "అయితే ఆడపడుచు మొగుడి బూట్లు తీసెయ్యండి." విమానాశ్రయంలో కాటా సరిగ్గా ఆయన చెప్పిన అంకే చూపిస్తుంది.

ఈ సంతోషం గారంటే డేవిడ్‌సన్‌కు కడుపుమంట. ఉత్త మంట కాదు, మందుకు తగ్గే మంట కాదు.

డేవిడ్‌సన్‌కు ఏం తక్కువ? ప్రభుత్వంలో కంప్యూటర్ ఉద్యోగం ఉంది. రెండంతస్తుల ఇల్లుంది. టీనా లాంటి భార్య, హోప్ లాంటి కూతురు ఉన్నారు. అన్నిటికీ మించి నల్లగా నిగనిగలాడే పికప్ ట్రక్కు ఉంది. ఆ మధ్య రెండేళ్లలో రెజైనాకు విద్యార్థులు వరదలా వచ్చారు. సెప్టెంబరులో ఒక విడత, జనవరిలో ఒక విడత; ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, ఏడుగురు. బొట్టు పెట్టుకునే పిల్లలు కూడా ఆదివారం ఫెలోషిప్‌కు వచ్చేవారు. ప్రార్థన అయ్యాక సంతోషం గారి భార్య జయమణి గారు పెట్టే భోజనం అలాంటిది. ఆ పిల్లలు ఇల్లు మారితే పరుపులు మోసేది డేవిడ్‌సన్ ట్రక్కే. కానీ సంతోషం గారు పక్కన నిలబడి "బరువైనవి క్యాబిన్ వైపు, తేలికవి చివరికి" అని వేలు చూపిస్తారా, అంతే, పిల్లలంతా "థాంక్యూ సంతోషం అంకుల్!" అని ఆయన చుట్టూ మూగుతారు. సొమ్మొకడిది, సోకొకడిది. డేవిడ్‌సన్ ట్రక్కు వెనక ఒంటరిగా తాళ్లు చుట్టుకుంటూ ఉండిపోతాడు.

దానికి తోడు అత్తగారి సంగతొకటి. టీనా వాళ్ల అమ్మ కమలకుమారి గారు ముప్పై గంటలు ప్రయాణం చేసి వచ్చి విమానాశ్రయంలో బయటికి అడుగుపెట్టగానే, తోడుకు వచ్చిన సంతోషం గారు పూలగుత్తి చేతికిచ్చి "రండమ్మా, ప్రయాణం బాగా జరిగిందా? ఎంతున్నారు?" అన్నారు. ఆవిడ రెండు రోజులు నోరు విప్పలేదు. సంతోషం గారితో కాదు, ఆయన్ను తీసుకొచ్చిన అల్లుడితో.

అసూయ పాపమని డేవిడ్‌సన్‌కు తెలుసు. అందుకే రోజూ సాయంత్రం మోకరించి, "ప్రభువా, నాలోని అసూయను తీసెయ్యి. అసలది ఎందుకొచ్చిందంటే ప్రభువా..." అని మొదలుపెట్టి, పావుగంట సేపు సంతోషం గారి మీద చాడీలు చెప్పేవాడు.

"ఆమెన్ అనండి, అన్నం చల్లారిపోతోంది," అనేది టీనా.

ఇక లాభం లేదని ఒక వేసవిలో డేవిడ్‌సన్ ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొన్నాడు. మామూలు ట్రైలర్ బండి తోకకు తగిలించుకుని పోయేది. ఇది అలా కాదు. దీని ముందు భాగం మెడ చాపి ట్రక్కు తొట్టిలోకి వచ్చి, అక్కడ బిగించిన హిచ్ మీద కూర్చుంటుంది. లోపల రెండు పడకలు, వంటిల్లు, స్నానాల గది. ఆగస్టు లాంగ్ వీకెండ్‌కు ఫెలోషిప్ వాళ్లందరూ క్వాపెల్ లోయలోని సరస్సు దగ్గర రిట్రీట్‌కు వెళ్లాలి. ఆ సరస్సు ఒడ్డున తన ట్రైలర్ ఇంద్రభవనంలా నిలబడి ఉంటే, పిల్లలంతా "డేవిడ్‌సన్ అంకుల్!" అంటూ తన చుట్టూ మూగుతుంటే, సంతోషం గారు కాటా చంకలో పెట్టుకుని దూరంగా ఒంటరిగా నిలబడి ఉంటే! ఆ దృశ్యం తలచుకుని డేవిడ్‌సన్ ఆఫీసులో కూడా నవ్వుకునేవాడు.

ఆదివారం ప్రకటనల సమయంలో లేచి గొంతు సవరించుకున్నాడు. "రిట్రీట్‌కు సామానంతా నా ట్రైలర్‌లో వస్తుంది. నలుగురు పిల్లలు నా ట్రక్కులో వస్తారు. మీరంతా ఊరికే వస్తే చాలు."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలో వెనక వరుస నుంచి ఒక చెయ్యి లేచింది.

"తమ్ముడూ, నీ బండి డ్రైవరు తలుపు సందులో పసుపు స్టిక్కరొకటి ఉంటుంది. చదివావా?"

"చదవడానికేముందన్నా? పదకొండు వేల పౌండ్లు లాగుతుందని డీలరే చెప్పాడు. ట్రైలర్ నిండా నింపినా పది వేలు దాటదు."

"లాగడం వేరు, మోయడం వేరు. లాగేది ఇంజను, మోసేది నడుము. ట్రైలర్ బరువులో అయిదో వంతు నీ బండి నడుము మీద కూర్చుంటుంది. నీ నడుమెంత మోస్తుందో ఆ స్టిక్కరు మీద ఉంటుంది."

హాల్లో అందరూ డేవిడ్‌సన్ నడుము వైపు చూశారు. తమ్ముడి నడుము కాస్త విశాలమైనదే. ఎవరో కిసుక్కున నవ్వారు. డేవిడ్‌సన్‌కు గోరుచుట్టు మీద రోకటిపోటు పడినట్టయింది.

"కుళ్లు! నా ట్రైలర్ చూసి కుళ్లుకుంటున్నాడు!" అన్నాడు ఇంటికొస్తూ.

వెనక సీట్లోంచి హోప్, "డాడ్, హి ఓన్లీ ఆస్క్‌డ్ ఎబౌట్ ఎ స్టిక్కర్," అంది.

బుధవారం సాయంత్రం సంతోషం గారు కాటా పట్టుకుని ఇంటికే వచ్చేశారు. పిలవకుండానే. ట్రైలర్‌లోకి ఎక్కబోయే సామానంతా వరండాలో పెట్టించి ఒక్కొక్కటీ తూచడం మొదలుపెట్టారు. నలభై పౌండ్ల సోనా మసూరి బస్తాలు ఆరు. బిర్యానీ గుండిగలు మూడు, మూతలతో సహా. పాటలకు స్పీకర్లు, హార్మోనియం. పచ్చళ్ల డబ్బాలు తొమ్మిది. ఇడ్లీ పిండికి వెట్ గ్రైండర్, రాతి రోలు బాపతుది.

"అమ్మా టీనా, సరస్సుకు గ్రైండరెందుకమ్మా?"

"మూడు పూటలు టిఫిను పెట్టాలి కదన్నయ్యా. తెల్లవాళ్లలా రొట్టెలో సాసేజి పెట్టి ఇస్తే మన పిల్లలు తింటారా?"

"అదే నేననేది! డీలరు కాగితం మీద రాసేది ఖాళీ ట్రైలర్ బరువు. వాళ్లు దుప్పటీ, సాసేజీ పెట్టుకుని పోతారు. మనం పెళ్లి వంటశాల తీసుకుపోతాం. సరే, ఇప్పుడు బండిలో కూర్చునే వాళ్ల బరువు. తమ్ముడూ, నువ్వెంత?"

"నూట డెబ్బై," అన్నాడు డేవిడ్‌సన్ గోడ వైపు చూస్తూ.

"ఎక్కు."

"నూట డెబ్బై అన్నాను కదన్నా!"

"ఎక్కితే ఏం పోయింది?"

ఎక్కాడు. రెండు వందల పన్నెండు. తరవాత తన వంతని టీనా అప్పటికే వంటింట్లోకి పారిపోయింది.

సంతోషం గారు కళ్లద్దాలు సర్దుకుని కాగితం మీద కూడి చూపించారు. స్టిక్కరు ప్రకారం ట్రక్కు మోయగలిగింది పదహారు వందల నలభై. ట్రైలర్ మెడ బరువే దగ్గర దగ్గర రెండు వేలు. ఆ పైన హిచ్, డేవిడ్‌సన్, నలుగురు పిల్లలు. "ఇక్కడంతా చదును కాబట్టి నీకు తెలియదు తమ్ముడూ. లోయలోకి దిగేటప్పుడు ఉంటుంది అసలు సంగతి. అక్కడ లాగక్కర్లేదు, ఆగాలి. వెనక నుంచి పది వేల పౌండ్లు తోస్తుంటే ఎలా ఆగుతావు?"

లోపలెక్కడో ఆ మాట తగిలింది. కానీ అసూయకు చెవులుండవు. "అయితే శనివారం పొద్దున్న అందరం మీ టెర్మినల్ మీదుగానే వెళ్దాం. పెద్ద కాటా మీదే తేల్చుకుందాం. బరువు సరిపోతే మాత్రం, అన్నా, నువ్వు పిల్లలందరి ముందూ నీ లెక్క తప్పని ఒప్పుకోవాలి!"

"అలాగే," అన్నారు సంతోషం గారు, చాలా సంతోషంగా.

శనివారం పొద్దున్న ట్రైలర్ తగిలించగానే ట్రక్కు వెనక భాగం కుంగి, మూతి పైకి లేచింది. విద్యార్థుల్లో కావ్యశ్రీ ముందు సీట్లో, గోపీకృష్ణ, మరో ఇద్దరు వెనక కూర్చున్నారు. టీనా, హోప్ జయమణి గారి కారులో ఎక్కారు. రోడ్డెక్కాక డేవిడ్‌సన్‌కు స్టీరింగు చేతిలో తేలిపోతున్నట్టు తెలిసింది. ఎదురుగా లారీ వచ్చి గాలి విసిరితే బండి ఒక పక్కకు ఊగింది. పక్కన కూర్చున్న పిల్ల వాళ్లమ్మ కరీంనగర్‌లో కూర్చుని తనను నమ్ముకుందని గుర్తొచ్చింది. అయినా సంతోషం గారి ముఖం తలపుకు రాగానే పళ్లు బిగించి పోనిచ్చాడు.

కోతలు ఇంకా మొదలవలేదు కాబట్టి టెర్మినల్ కాటా ఖాళీగా ఉంది. మేనేజరు అనుమతి ముందే తీసుకుని సంతోషం గారు కాటా గదిలో రాజులా కూర్చున్నారు. వెనక వచ్చిన ఆరు కార్ల వాళ్లూ దిగి తీర్థం చూడవచ్చినట్టు నిలబడ్డారు. ట్రక్కు కాటా ఎక్కింది. డేవిడ్‌సన్ దిగి ఒక్కడే గదిలోకి వెళ్లాడు.

సంతోషం గారు చీటీ చేతికిచ్చారు. ట్రక్కు మోయగలిగినదానికి పైన పధ్నాలుగు వందల పౌండ్లు.

"అంటే?" అన్నాడు డేవిడ్‌సన్ నీరసంగా.

"అంటే నీలాంటి వాళ్లు ఆరున్నర మంది అదనంగా ఎక్కి కూర్చున్నారు, తమ్ముడూ."

డేవిడ్‌సన్ కుర్చీలో కూలబడ్డాడు. బయట కిటికీ అవతల అందరూ ఎదురుచూస్తున్నారు. తల దించుకుంటే బల్ల మీద సంతోషం గారి పొడుగాటి నోటు పుస్తకం తెరిచి ఉంది. పేర్లు, నెలలు, అంకెలు. ఇంకేముంది, ఊరందరి బరువులూ రాసి పెట్టుకున్న పిచ్చి దొరికిందని ఆ అవమానంలోనూ ఆశగా వంగి చూశాడు.

'కావ్యశ్రీ: సెప్టెంబరు 118. అక్టోబరు 113. నవంబరు 108. జయమణితో చెప్పాలి.' దాని కింద, 'డిసెంబరు 111. జనవరి 115. దేవునికి స్తోత్రం.' గోపీకృష్ణ పేరు పక్కన, 'తొమ్మిది పౌండ్లు పోయాడు. బియ్యం గుమ్మం ముందు పెట్టి రావాలి. బెల్లు కొట్టకూడదు.' పేజీలకు పేజీలు అలాగే ఉన్నాయి.

"ఇదేంటన్నా?"

సంతోషం గారు దొంగతనం బయటపడ్డట్టు పుస్తకం మూయబోయి, మానుకున్నారు. "రెండేళ్ల క్రితం ఆరాధనలో ఒక పిల్ల పడిపోయింది, గుర్తుందా? ఆత్మ వశమైందనుకుని మనమంతా స్తోత్రాలు చెప్పాం. నువ్వు తంబురీను కూడా కొట్టావు."

"గుర్తుంది."

"మూడు రోజులుగా తిండి లేదంట తమ్ముడూ. తరవాత జయమణితో చెప్పి ఏడ్చింది. అంతకు ముందు గుమ్మంలో నేనే అడిగాను, 'తిన్నావామ్మా?' అని. 'తిన్నానండీ' అంది. మన పిల్లలు ఎప్పుడడిగినా తిన్నాననే అంటారు. మొహమాటం. కాటాకి మొహమాటం ఉండదు కదా!"

"మరి పాస్టరు గారినీ, నన్నూ అందరినీ ఎందుకు ఎక్కిస్తావు?"

"పిల్లల్నొక్కళ్లనే ఎక్కిస్తే వాళ్లకు తెలిసిపోదూ? సిగ్గుపడి రావడం మానేస్తారు. అందర్నీ ఎక్కిస్తే ముసలాడికి పిచ్చి అనుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మీ అత్తగారి విషయంలో మాత్రం తప్పు నాదే. అలవాటైపోయి నోరు జారాను."

డేవిడ్‌సన్ పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. పేజీ తిప్పితే తన పేరే కనబడింది. '204. 207. 209. 212. ఇతని గురించి బెంగ లేదు.' ఏం మనిషో గాని, అంత చదివాక కూడా అతనికి చురుక్కుమంది. అందరి గురించీ బెంగపడినవాడు తన గురించి ఒక్క పౌండైనా బెంగపడలేదే అని!

ఇద్దరూ బయటికొచ్చారు. జనం ముందుకు జరిగారు. డేవిడ్‌సన్ నోరు తెరిచే లోపే సంతోషం గారు గట్టిగా అన్నారు. "మా కాటాలో ఏదో తేడా కొడుతోందండీ. అంకె నిలబడటం లేదు. తమ్ముడి బండి బాగానే ఉండొచ్చు. కానీ కాటా సరిచూసుకునేదాకా పంపడం పద్ధతి కాదు. అందాకా ట్రైలర్‌ను ఆయన బండికి తగిలిద్దాం." అటు పక్కన వెనక నాలుగు చక్రాలున్న పెద్ద ట్రక్కుతో ఒక తెల్ల రైతు నిలబడి ఉన్నాడు. ఆయన్ను సంతోషం గారు గురువారమే బతిమాలి పెట్టుకున్నారు.

జయమణి గారు నిర్ఘాంతపోయారు. "కాటా తప్పా? మీ నోటితోనే అంటున్నారా?"

పిల్లలు ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. "కాటా అంకుల్ కాటాయే పోయిందంట్రా!" అన్నాడు గోపీకృష్ణ. అందరూ సంతోషం గారిని చూసి నవ్వుతున్నారు. రెండేళ్లుగా డేవిడ్‌సన్ మోకాళ్ల మీద అడిగింది ఇదే. తీరా దొరికితే ఒక్క క్షణం కూడా భరించలేకపోయాడు.

"కాటా సరిగ్గానే ఉంది!" అని అరిచాడు. "నా బండే చాలదు. ఖాళీ ట్రైలర్ బరువు చూసి కొన్నాను. ఆయన బుధవారమే ఇంటికొచ్చి చెప్పాడు. మీ నలుగురినీ కూర్చోబెట్టుకుని కూడా నా పంతం కోసం ఇంత దూరం తోలుకొచ్చాను. ఆయన కాటా గురించి ఇంకెవరైనా నవ్వితే ఊరుకోను!"

అప్పుడు కావ్యశ్రీ మెల్లగా, "పర్వాలేదంకుల్. నాకు ముందే డౌట్ వచ్చింది. ముంగటి అద్దంల రోడ్డు కనబడ్తలేదు, అంతా ఆకాశమే కనబడ్తుంది," అంది.

ముందు నవ్వింది డేవిడ్‌సనే. సంతోషం గారు మాత్రం, "ముప్పై ఏళ్లకు మొదటిసారి అబద్ధమాడాను. నిమిషం కూడా నిలవనివ్వలేదు కదయ్యా," అని గొణుక్కుంటూ రైతుకు హిచ్ దగ్గర సాయం చేయడానికి వెళ్లారు.

ట్రైలర్ రైతు బండి వెనక నిదానంగా కదిలింది. డేవిడ్‌సన్ తేలికపడ్డ ట్రక్కులో నలుగురు పిల్లలతో దాని వెనక బయల్దేరాడు. కొంత దూరం పోయాక అడిగాడు.

"పొద్దున్న ఏమన్నా తిన్నారా?"

"తిన్నాం అంకుల్," అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో.

అతను హైవే పక్కన కాఫీ దుకాణంలోకి బండి తిప్పి పన్నెండు ఎగ్ శాండ్‌విచ్‌లు తెచ్చాడు. "వద్దంకుల్, కడుపులో చోటే లేదు," అన్నాడు గోపీకృష్ణ. పది నిమిషాల తరవాత వాడు కాగితం సంచి అడుగున చెయ్యి పెట్టి తడుముతుంటే, డేవిడ్‌సన్ మళ్లీ దిగి ఇంకో నాలుగు తెచ్చాడు.

ఈ సంగతి ఎవరైనా సంతోషం గారి చెవిన వేస్తారేమోనని సరస్సు చేరేదాకా, చేరాక కూడా, డేవిడ్‌సన్ ఆశగా చూశాడు. ఎవరూ వేయలేదు. ఇక ఆగలేక, ఆయన గుడారం మేకులు కొడుతుంటే దగ్గరికి వెళ్లి తనే చెప్పాడు. "దారిలో ఆపి పిల్లలకు శాండ్‌విచ్‌లు పెట్టించానన్నా. మొత్తం పదహారు అయిపోయాయి."

సంతోషం గారు సుత్తి కింద పెట్టి అతన్ని పైనుంచి కింద దాకా చూశారు.

"అందులో నీవెన్ని, తమ్ముడూ?"

"నాలుగు," అన్నాడు డేవిడ్‌సన్, ఏ మొహమాటమూ లేకుండా.